ఎర్హు – ఆబింగ్ – ఆరు బాణీలు

1950 సెప్టెంబరు మొదటి రోజుల్లో, యాంగ్సీ నదికి దక్షిణాన ఉన్న ఊషీ పట్టణంలో, చూపులేని ఒక వీథి గాయకుడు ఇద్దరు సంగీత పరిశోధకుల ముందు కూచుని ఆరు బాణీలు వాయించాడు. మూడు, రెండు తీగల ఎర్హు మీద. మూడు, నాలుగు తీగల పీపా మీద. పరిశోధకుల పేర్లు యాంగ్ యిన్‌ల్యూ, త్సావ్ ఆన్‌హ. కొత్త ప్రభుత్వం అప్పుడే నెలకొల్పిన కేంద్ర సంగీత కళాశాల నుంచి వచ్చారు. వాళ్ళు తెచ్చిన యంత్రం ఉక్కు తీగ మీద ధ్వనిని ముద్రించేది. గాయకుడి దగ్గర వాయించడానికి పనికొచ్చే వాద్యం కూడా లేదు. చాలా కాలంగా వాద్యం ముట్టలేదనీ, చేయి కుదురుకోడానికి మూడు రోజులు గడువు కావాలనీ అడిగాడు. వాద్యాలు బయటి నుంచి తెచ్చిపెట్టారు. మూడు రోజుల తర్వాత వాయించాడు.

ఆ గాయకుడి అసలు పేరు హ్వా యెన్‌జ్యున్. ఊషీ జనం ఆయన్ని ఆబింగ్ అనేవాళ్ళు, గుడ్డివాడయ్యాక గుడ్డి ఆబింగ్ అన్నారు. మళ్ళీ వచ్చి మరిన్ని బాణీలు ముద్రించుకుందామని పరిశోధకులు అనుకున్నారు. ఆ అవకాశం రాలేదు. డిసెంబరు 4న ఆబింగ్ చనిపోయాడు. ఆయనకు వందల బాణీలు వచ్చునని ఎరిగినవాళ్ళు చెప్పారు. మిగిలినవి ఆరు.

ఆ ఆరింటిలో ఒకటి ఈనాడు చైనా సంగీతానికి ప్రపంచమంతటా ప్రతినిధిగా చెలామణి అవుతున్నది. ఎర్హు నేర్చుకున్న ప్రతి విద్యార్థీ ఎప్పుడో ఒకప్పుడు దాన్ని వాయించవలసిందే. మూడు నెలల తేడాలో ఒక జాతి తన అత్యుత్తమ సంగీత సంపదలో ఒక భాగాన్ని పోగొట్టుకునేది, పోగొట్టుకున్నానని కూడా తెలియకుండా. ఇది అదృష్టం గురించిన కథగా చెప్పుకుని కన్నీళ్ళు తుడుచుకోవచ్చు. కానీ చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు. ఇంతటి సంగీతం అంతకాలం ఎవరి చెవినా పడకుండా ఎందుకుండిపోయింది? పడితే ఎవరి చెవిన పడింది? వాళ్ళెందుకు దాన్ని రాసిపెట్టలేదు?

ఈ ప్రశ్నలకు జవాబు ఆ వాద్యం పుట్టుకలోనే ఉంది.

1

చైనాలో తంత్రీవాద్యాలు అనేకం. వాటిలో అత్యంత గౌరవం పొందింది ఏడు తీగల గూచిన్. బల్లపరుపుగా ఉండే ఈ వాద్యాన్ని ఎదుట పెట్టుకుని మీటుతారు. చదువుకున్న పెద్దమనిషికి ఉండవలసిన నాలుగు విద్యల్లో – గూచిన్, గో ఆట, అక్షర లేఖనం, చిత్రలేఖనం – మొదటిది ఇదే. గూచిన్ ధ్వని చిన్నది. పది మంది మధ్య వినపడదు. వినపడాలని దాన్ని వాయించేవాడు కోరుకోడు కూడా. ఆత్మసంస్కారం కోసం, ఏకాంతంలో, మహా అయితే మనసెరిగిన ఒక మిత్రుడి కోసం వాయించే వాద్యమది. కొలువుల్లో ఉద్యోగాలు చేస్తూ కౌలు ఆదాయం మీద బతికిన పండిత వర్గానికి ఆ ఏకాంతమూ ఆ తీరికా రెండూ ఉన్నాయి.

ఆ వర్గానికి ఇంకొకటి కూడా ఉంది: అక్షరం. ఏ వేలు ఏ తీగ మీద ఏ చోట పెట్టాలో, ఎలా మీటాలో చెప్పే ప్రత్యేక లిపిని వాళ్ళు గూచిన్ కోసం తయారు చేసుకున్నారు. 1425లో మింగ్ వంశ స్థాపకుడి కొడుకు, రాకుమారుడు జూ చ్యువాన్, అరవైకి పైగా గూచిన్ బాణీలతో ‘షెన్‌చీ మీపూ’ అనే సంకలనం అచ్చువేయించాడు. ఆ బాణీలను ఈనాటికీ పుస్తకం చూసి పునరుద్ధరించి వాయిస్తున్నారు. 1425లో రాకుమారుడి ఇంటి సంగీతానికి పుస్తకం దొరికింది. ఆబింగ్ సంగీతానికి 1950 దాకా ఏమీ దొరకలేదు. ఈ అయిదు వందల ఇరవై అయిదేళ్ళ దూరం రెండు వర్గాల మధ్య దూరం.

ఎర్హు చరిత్ర పూర్తిగా వేరు. కమానుతో వాయించే చైనా వాద్యాలన్నిటికీ ఉమ్మడి పేరు హూచిన్. ‘చిన్’ అంటే తంత్రీవాద్యం. ‘హూ’ అనేది ఉత్తర, పశ్చిమ సరిహద్దులకు ఆవల బతికే సంచార జాతులకు చైనావాళ్ళు పెట్టిన పేరు. అందులో అనాగరికులన్న చిన్నచూపు కూడా ఉంది. అంటే వాద్యం పేరులోనే అది పరాయిదనీ, తక్కువదనీ ముద్ర పడిందన్నమాట. ‘ఎర్’ అంటే రెండు. ఎర్హు, రెండు తీగల హూ వాద్యం.

సుమారు 1100 ప్రాంతాన చెన్ యాంగ్ అనే పండితుడు రాసిన సంగీత గ్రంథంలో షీచిన్ అనే రెండు తీగల వాద్యం వర్ణన ఉంది. షీ అనేది ఉత్తరాది జాతి ఒకదాని పేరు. తీగల మధ్య వెదురు బద్ద పెట్టి రాసి ఆ వాద్యాన్ని మోగించేవారు. అంతకు కొద్ది ముందు, పదకొండవ శతాబ్దంలోనే, బహుముఖ మేధావి షెన్ క్వో సరిహద్దు సైన్యాల సందర్భంలో గుర్రపు తోక వెంట్రుకల హూచిన్‌ను ప్రస్తావించాడు. గుర్రాల మీద బతికే జనం వాద్యానికి గుర్రపు వెంట్రుకే కమాను కావడంలో వింత లేదు. మంగోలులు ఏలిన యువాన్ వంశపు చరిత్రలో హూచిన్ స్పష్టంగా కనిపిస్తుంది: రెండు తీగలు, గుర్రపు వెంట్రుకల కమాను.

షెన్ క్వోయే మరొక ముచ్చట రాసిపెట్టాడు. 1068 – 1077 మధ్య ఒకనాడు రాజభవనంలో విందు జరుగుతూండగా షూ యెన్ అనే ఆస్థాన వాద్యకారుడు ఈ జాతి వాద్యం వాయిస్తున్నాడు. మద్యం అందిస్తున్న సమయంలో ఒక తీగ తెగింది. అతడు వాద్యం మార్చలేదు. మిగిలిన ఒక్క తీగ మీదే బాణీ పూర్తి చేశాడు. అప్పటి నుంచి ఒంటి తీగ వాదన ఒక పద్ధతిగా నిలిచింది. రాజు విందులో ఆగిపోయే హక్కు సేవకుడికి ఉండదు. ఆ నిర్బంధంలోంచి ఒక కొత్త నైపుణ్యం పుట్టింది. ఎర్హు చరిత్రంతా ఒక రకంగా ఈ ముచ్చటకు విస్తరణే.

2

వాద్య నిర్మాణం తెలియకుండా దాని సంస్కృతి గురించి మాట్లాడడం గాలిలో మాట. ఎర్హుకు కింద ఒక చిన్న చెక్క డొల్ల ఉంటుంది, సాధారణంగా ఆరు పలకలది. దాని ముందువైపు కొండచిలువ చర్మం బిగిస్తారు. కొండచిలువ ఇప్పుడు అంతర్జాతీయ వన్యప్రాణి ఒప్పందం రక్షణలో ఉన్న జంతువు కనక ఆ చర్మం మీద నియంత్రణలున్నాయి. డొల్లలోంచి పైకి సన్నని కర్ర, కర్ర కొసన రెండు బిరడలు, వాటి నుంచి కిందికి రెండు తీగలు. ఆధునిక శ్రుతిలో రెండు తీగల మధ్య దూరం మన లెక్కలో షడ్జం నుంచి పంచమం దాకా.

రెండు విశేషాలు గమనించాలి. మొదటిది, కమాను వెంట్రుకలు రెండు తీగల మధ్యలోంచి పోతాయి. వయొలిన్ కమానులా దాన్ని తీసి పక్కన పెట్టడం కుదరదు, అది వాద్యంలో చిక్కుకుని ఉంటుంది. ముందుకు నెడితే ఒక తీగ, వెనక్కి లాగితే రెండో తీగ పలుకుతుంది. రెండవది, తీగల కింద పలక గాని మెట్లు గాని లేవు. వేలు తీగను నొక్కి దేనికీ ఆనించదు, గాలిలోనే అదిమి పట్టుకుంటుంది. కాబట్టి ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారడం, స్వరాన్ని వణికించడం, సగం నొక్కి సగం వదలడం ఈ వాద్యానికి సహజం. వీణలో గమకానికి తీగను మెట్టు మీద పక్కకు లాగవలసి ఉంటుంది. ఇక్కడ అడ్డే లేదు. చైనా బాణీలు ఎక్కువగా అయిదు స్వరాలవి. మన చెవికి చాలా చోట్ల మోహన రాగం గుర్తుకొస్తుంది. ఆ అయిదు స్వరాల మధ్య ఖాళీలను ఎర్హు తన జారుళ్ళతో నింపుతుంది. అందుకే దాన్ని మనిషి గొంతుకు అతి దగ్గరి వాద్యం అంటారు.

మనిషి గొంతుకు దగ్గరైన వాద్యం సహజంగానే పాటకు తోడైంది. ప్రాంతీయ నాటకాల్లో, వీథి కథల్లో, పెళ్ళి చావు ఊరేగింపుల్లో హూచిన్ కుటుంబపు వాద్యాలు చేరాయి. పెకింగ్ నాటకంలో గాత్రాన్ని వెన్నంటి ఉండే జింగ్‌హూ ఈ కుటుంబానిదే. తేలిక, చవక, ఒంటికి తగిలించుకుని నడుస్తూ వాయించవచ్చు. చూపులేనివాడికి, ముష్టివాడికి ఇంతకంటే అనువైన వాద్యం లేదు. దాంతో భూస్వామ్య సమాజం దృష్టిలో ఎర్హు అంటే ముష్టి వాద్యం. దాన్ని నేర్పే బడి లేదు, దానికి పుస్తకం లేదు, దాన్ని వాయించేవాడికి పేరు లేదు.

3

ఈ స్థితిని మొదట కదిలించింది మే నాలుగు ఉద్యమపు గాలి. 1919 నాటి ఆ ఉద్యమం భాషను, సాహిత్యాన్ని ప్రజల వైపు తిప్పిన సంగతి మన పాఠకులకు కొత్త కాదు. సంగీతంలో ఆ పని చేపట్టినవాడు ల్యూ త్యెన్‌హ్వా. 1895లో ఊషీకి పొరుగునే ఉన్న జియాంగ్‌యిన్‌లో పుట్టాడు. వాడుక భాష కోసం పోరాడిన కవి, భాషాశాస్త్రజ్ఞుడు ల్యూ బాన్‌నొంగ్ ఇతని అన్న. అన్న కవిత్వంలో తలపెట్టిన పనిని తమ్ముడు రెండు తీగల మీద తలపెట్టాడని చెప్పవచ్చు. పల్లె ఉపాధ్యాయుల దగ్గర ఎర్హు, పీపా నేర్చాడు. పాశ్చాత్య వయొలిన్ కూడా నేర్చాడు. 1922లో పెకింగ్ విశ్వవిద్యాలయంలో సంగీత బోధకుడయ్యాడు. ముష్టి వాద్యం విశ్వవిద్యాలయం మెట్లెక్కింది. 1927లో జాతీయ సంగీత సంస్కరణ సంఘం స్థాపించాడు. ఎర్హుకు పది బాణీలు, నలభై ఏడు అభ్యాసాలు రాశాడు. 1918లో పూర్తి చేసిన ‘రోగశయ్య మీద మూలుగు’ నుంచి 1931లో రాసిన కవాతు నడక ‘వెలుగు వైపు పయనం’ దాకా ఆ పది బాణీల పేర్లు చదివితేనే ఆనాటి విద్యావంతుడైన యువకుడి మనసు తెలిసిపోతుంది. దారి తోచని బాధ, దాని పక్కనే ముందుకు నడవాలన్న ఆత్రం.

1932లో ల్యూ త్యెన్‌హ్వా ముప్ఫై ఏడేళ్ళకే చనిపోయాడు. పెకింగ్‌లోని త్యెన్‌చ్యావ్ అనే వీథి కళాకారుల పేటలో డోలు, కంచుతాళాల సంగీతం సేకరిస్తూ అక్కడ విషజ్వరం తగిలించుకున్నాడు. ప్రజల సంగీతాన్ని గదిలో కూచుని ప్రేమించినవాడు కాదని చెప్పడానికి ఆ చావే సాక్ష్యం.

అయినా ఒక పరిమితిని గుర్తించక తప్పదు. ల్యూ త్యెన్‌హ్వా వాద్యాన్ని పైకి తెచ్చాడు. వాద్యాన్ని అన్ని శతాబ్దాలు మోసిన మనుషులు మాత్రం కిందే ఉండిపోయారు. ఆయన పుట్టిన ఊరికి కూతవేటు దూరంలో, ఆయనకంటే రెండేళ్ళు పెద్దవాడైన మరొక ఎర్హు కళాకారుడు వీథుల్లో ముష్టెత్తుతున్నాడు. ల్యూ రాసిన పది బాణీలూ అచ్చులో నిలిచాయి. ఆ రెండో మనిషి బాణీలు ఆయన ఊపిరితోపాటే పోతున్నాయి.

4

ఆబింగ్ 1893లో పుట్టాడు. తండ్రి తావో మత పూజారి. తల్లి వితంతువు. ఆ సంబంధాన్ని సమాజం ఒప్పుకోలేదు. కొడుకు పసితనంలోనే ఆమె చనిపోయింది. తండ్రి పిల్లవాణ్ణి కొడుకుగా కాక శిష్యుడిగా గుడిలో పెంచాడని జీవిత చరిత్రకారులు రాశారు. ఊషీ తావో పూజారుల క్రతువుల్లో పిల్లనగ్రోవి, డోలు, తంత్రీవాద్యాలు కలిసిన గొప్ప మేళం ఉండేది. బాలుడు అవన్నీ నేర్చాడు. అంటే ఆబింగ్ గాలివాటుగా పుట్టిన ‘సహజ ప్రతిభ’ కాడు. కఠినమైన వృత్తి శిక్షణ పొందినవాడు. ప్రజా కళాకారుడంటే చదువు లేని అమాయకుడని మనలో కొందరికి ఉన్న భ్రమకు ఇది సమాధానం. యాంగ్ యిన్‌ల్యూ కూడా ఊషీవాడే. చిన్నతనంలో ఈ ఆబింగ్ దగ్గరే కొంత వాద్య శిక్షణ పొందాడు. 1950లో యంత్రం పట్టుకుని వచ్చింది ఒకనాటి శిష్యుడు.

తండ్రి పోయాక గుడి ఆదాయం ఆబింగ్ చేతికొచ్చింది. నల్లమందు అలవాటు, విచ్చలవిడితనం ఆ ఆదాయాన్ని తినేశాయి. రోగంతో ముందు ఒక కన్ను, తర్వాత రెండోది పోయాయి. గుడి దూరమైంది. వీథి మిగిలింది. ఊషీ టీ దుకాణాల దగ్గర నిలబడి ఆనాటి వార్తలకు పాట కట్టి పాడేవాడు. 1932లో షాంఘైలో జపాను దాడిని ఎదిరించిన పందొమ్మిదవ మార్గ సైన్యం మీద పాడాడు. పత్రిక కొనలేనివాడికి, కొన్నా చదవలేనివాడికి ఆబింగే పత్రిక. రాత్రి ఇంటికి పోతూ దారి పొడవునా ఎర్హు వాయించేవాడు. ఆ నడకలో రూపుదిద్దుకున్నదే ఈనాడు లోకమంతా వింటున్న బాణీ.

దాని అల్లిక చాలా సాదా. మొదట నిట్టూర్పు లాంటి చిన్న ఎత్తుగడ. తర్వాత మూల స్వరమాల. ఆపైన దానికే అయిదు రూపాంతరాలు. కొత్త విషయమేదీ రాదు. ఉన్న మాటే ప్రతిసారీ కొంచెం పైకి, కొంచెం బిగువుగా వస్తుంది. కమాను ఒత్తిడి ఎక్కడా పూర్తిగా సడలదు. ఒక్కోసారి స్వరం పైకి వెళ్ళి అక్కడే పట్టుకుని నిలుస్తుంది, తర్వాత దిగుతుంది. ఆబింగ్ లావుపాటి పట్టు తీగలు కట్టి, ఈనాటి శ్రుతికంటే బాగా కింద వాయించాడు. అందువల్ల మూల ముద్రణలో ధ్వని గరుకుగా, బరువుగా ఉంటుంది. ఏడుపు అనడానికి వీల్లేని ధ్వని అది. పళ్ళ బిగువున మాట్లాడుతున్న మనిషి గొంతు.

ఆ బాణీకి ఆబింగ్ పేరు పెట్టుకోలేదు. నడుస్తూ వాయించుకునేదానికి పేరెందుకు? ముద్రించే సందర్భంలో పేరు కావలసివచ్చింది. సంభాషణలో ‘ఎర్‌చ్యువాన్ యింగ్‌యుయె’ అని తేలింది. ‘రెండవ ఊటలో చంద్రబింబం’ అని అర్థం. ఊషీ దగ్గరి హ్వెయ్‌షాన్ కొండ పాదాన ఉన్న ఊటను టీకి శ్రేష్ఠమైన నీళ్ళలో రెండవదిగా పండితులు పూర్వం నుంచీ పొగిడారు. పేరు అందంగానే ఉంది. పండితుల కవిత్వ సంప్రదాయంలో చక్కగా ఇమిడింది. కానీ ఆలోచించండి: ఇరవై ఏళ్ళుగా చంద్రుణ్ణి చూడని మనిషి సంగీతం అది. ఈ పేరు తగిలించుకున్నాకే లక్షలాది శ్రోతలు అందులో వెన్నెలనూ నీటినీ వెతకడం మొదలుపెట్టారు. యాంగ్ యిన్‌ల్యూను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆయన లేకపోతే మనకు పేరూ లేదు, బాణీ లేదు. సేకరించినవాడి సంస్కారం సేకరించిన వస్తువు మీద ఎలా వాలుతుందో చెప్పడానికే ఇది.

5

1950 తర్వాత ఎర్హు దశ మారింది. సంగీత కళాశాలల్లో పాఠ్యమైంది. పట్టు తీగల స్థానంలో ఉక్కు తీగలు వచ్చాయి, శ్రుతి స్థిరపడింది, ధ్వని పెరిగింది. 1963లో షాంఘైలో జాతీయ స్థాయి ఎర్హు పోటీ జరిగింది. పదిహేడేళ్ళ మిన్ హ్వెయ్‌ఫెన్ అనే అమ్మాయి మొదటి బహుమతి గెలుచుకుంది. ముష్టివాడి వాద్యం మీద ఒక యువతి దేశం ముందు నిలబడగలగడం చిన్న మార్పు కాదు. 1982లో ల్యూ వెన్‌జిన్ వాద్యబృందంతో కలిపి రాసిన ‘మహాకుడ్యం’ రచనను ఆమే మొదట వాయించింది. వీథిలో ఒంటరి గొంతు అయిన వాద్యం ఒక దేశ చరిత్రను మోసే స్థాయికి వచ్చింది. సామాజిక విప్లవం లేకుండా ఇది జరిగేది కాదని ఒప్పుకోడానికి ఎవరూ సంకోచించనవసరం లేదు.

అదే నిజాయితీతో రెండో పక్క కూడా చూడాలి. 1966 – 76 మధ్య సాంస్కృతిక విప్లవ కాలంలో పాత బాణీలు వేదిక మీది నుంచి చాలావరకు తప్పుకున్నాయి. తావో పూజారి కావడం, నల్లమందు తాగడం నేరాలయ్యాయి. ఆబింగ్ సమాధిని ధ్వంసం చేశారు. పాత సమాజం ముష్టివాడని చూసినవాణ్ణి, కొత్త సమాజం పేరుతో మాట్లాడినవాళ్ళు పూజారి అని చూశారు. ఇద్దరూ ఆయన సంగీతం వినలేదు. 1983లో హ్వెయ్‌షాన్ దగ్గర కొత్త సమాధి కట్టారు.

ఈ రెంటి మధ్య మూడో ప్రమాదం ఉంది. అది రచయితలమైన మనకు మరీ దగ్గరిది. 1950 తర్వాత వచ్చిన జీవిత చరిత్రలు చాలావాటిలో ఆబింగ్ మచ్చలేని పీడిత వీరుడు. నల్లమందు మాయమైంది. కళ్ళు పోవడానికి కారణం మారింది. ఆయన జీవితం మీద వచ్చిన సినిమాలోనూ ఈ ధోరణే బలంగా ఉంది. తర్వాతి కాలంలో గాలి తిరిగాక అదే జీవితంలోని పతనాన్ని రుచిగా వడ్డించే రాతలొచ్చాయి. ఆబింగ్ బాణీలకు కాలంతోపాటు అర్థాలు ఎలా మారుతూ వచ్చాయో జొనాథన్ స్టాక్ 1996లో ఒక పుస్తకమే రాశాడు. వీరుణ్ణి చేసినా, పతితుణ్ణి చేసినా జరిగేది ఒకటే: మనిషి తప్పిపోతాడు. తన పతనానికి కొంత తానే కారణమైన మనిషి, ఆ పతనంలో చుట్టూ ఉన్న పతితులందరి గొంతూ తన కమానులోకి తెచ్చుకున్నాడు. ఈ వైరుధ్యాన్ని ఒప్పుకోనివాడికి ఆబింగ్ అర్థం కాడు. వర్గ దృష్టి అంటే మనిషిని చదును చేయడమని అనుకున్నవాళ్ళకు ఆబింగే కాదు, ఏ ప్రజా కళాకారుడూ అర్థం కాడు.

1978లో జపాన్ సంగీత నిర్వాహకుడు సీజీ ఒజావా పెకింగ్‌లో ఒక విద్యార్థిని ఎర్హు మీద ఆ బాణీ వాయించగా విని కన్నీళ్ళు పెట్టుకున్నాడనీ, దాన్ని మోకాళ్ళ మీద కూచుని వినాలన్నాడనీ ప్రసిద్ధి. ఒకనాడు జపాను దండయాత్రకు వ్యతిరేకంగా వీథిలో పాడినవాడి సంగీతానికి జపాను కళాకారుడొకడు అలా తలవంచడం గొప్ప విషయమే. కానీ ఊషీ వీథుల్లో చేతిలో ఒక రాగి నాణెం పెట్టి నిలబడి విన్న కూలివాడు ఎవరూ చెప్పకుండానే అంతకు ముప్ఫై ఏళ్ళ ముందే ఆ సంగీతాన్ని గుర్తించాడు. అతని అభిప్రాయాన్ని ఎవరూ రాసిపెట్టలేదు. చరిత్రలో ఒజావా కన్నీళ్ళున్నాయి, ఆ నాణెం లేదు.

ప్రజా సాహిత్యాన్నీ సంగీతాన్నీ సేకరించేవాళ్ళు తాము ఉపకారం చేస్తున్నామనుకుంటారు. ఆ ఆరు బాణీలు వింటే అది ఉపకారం కాదనీ, ఆలస్యంగా తీరుస్తున్న అప్పు అనీ తెలుస్తుంది. అప్పు తీర్చేవాడికి కొన్ని బాధ్యతలున్నాయి. వేళకు వెళ్ళాలి. విన్నది విన్నట్టు రాయాలి. తన పేర్లు, తన వెన్నెలలు దాని మీద పరచేముందు ఒకసారి ఆగాలి. ఆ ఉక్కు తీగ ముద్రణలో బాణీ చివరికి వచ్చేసరికి కమాను నెమ్మదిస్తుంది, స్వరం దిగుతుంది, యంత్రపు గరగర మిగులుతుంది. ఆ మనిషికి వచ్చిన మిగతా వందల బాణీల స్థానంలో మనకు మిగిలింది ఆ గరగరే.